బి2 సర్టిఫికెట్ ఉన్నా ఫోన్‌లో అపాయింట్‌మెంట్ అడగలేకపోతున్నారు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువుల గురించి పత్రికల విద్యా పేజీల్లో వచ్చేది ఎక్కువగా వీసా, బ్యాంకు రుణం, ఫీజులు, ఉద్యోగాల సమాచారమే. అదీ కావలసిందే. కానీ జర్మన్‌నో ఫ్రెంచ్‌నో ప్రధాన విషయంగా చదువుకుని, ఆ భాష మాట్లాడే దేశంలో ఒక సెమిస్టరో ఏడాదో గడపబోయే పిల్లల ఊసు అందులో దాదాపు ఉండదు. భాష వచ్చినవాళ్లకు ఇబ్బందేముంటుందని అందరికీ ధీమా. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియా లాంటి చోట్ల భాషలు చదివి, ఆరు మెట్ల ఐరోపా భాషా స్థాయిల్లో నాలుగోదైన బి2 గట్టెక్కిన విద్యార్థులు కవిత మీద వ్యాసం రాయగలరు, వ్యాకరణ సూత్రం చెప్పగలరు. విమానం దిగిన మొదటి ఆరు వారాల్లో వాళ్లను కట్టిపడేసేవి వేరే. ఫోన్‌లో చెప్పిన అంకెలు సరిగ్గా రాసుకోలేరు. పోస్టులో వచ్చిన ఉత్తరంలో గడువు తేదీ ఎక్కడుందో కనిపెట్టలేరు. కౌంటర్ దగ్గర ‘కుదరదు’ అన్న మనిషితో రెండో మాట మాట్లాడలేరు.

మేం కోరేది ఒకటే. ప్రయాణానికి ముందున్న సెమిస్టర్‌లో ఒక పూర్తి పేపర్‌ను ఇలాంటి పనులు చేయించడానికి కేటాయించాలి. 14 వారాలు, వారానికి 90 నిమిషాల తరగతులు రెండు. ప్రతి తరగతిలోనూ విద్యార్థి ఒక పని మొదలుపెట్టి ముగించాలి: ఫారం నింపడం, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఫిర్యాదు ఉత్తరం రాయడం, అద్దె గది అప్పగింత కాగితం తయారుచేయడం. మార్కులు ముందు పని జరిగిందా లేదా అన్నదానికి, ఆ తర్వాతే భాష తీరుకు.

ఇది పరాయి దేశాల నుంచి తెచ్చుకోవలసిన ఆలోచన కూడా కాదు. 1979 నుంచి 1984 వరకు భాషా బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో ఇంగ్లిష్‌ను ఈ పద్ధతిలోనే చెప్పించి చూశారు. రైళ్ల వేళల పట్టిక, ఊరి పటం లాంటివి ఇచ్చి, పిల్లలతో లెక్క తేల్చించేవారు. వాళ్ల దృష్టంతా లెక్క తేల్చడం మీద ఉంటుంది, భాష ఆ దారిలోనే పట్టుబడుతుంది. భాషా బోధన చదివేవాళ్లు దాన్ని ‘బెంగళూరు ప్రాజెక్టు’ పేరుతో ఈనాటికీ చదువుతారు. 2001లో ఐరోపా మండలి ప్రకటించిన భాషా స్థాయిల చట్రం, అంటే మన పిల్లలు పరీక్ష రాసే ఎ1 నుంచి సి2 వరకు ఉన్న మెట్లు, భాష నేర్చేవాణ్ని సమాజంలో పనులు చక్కబెట్టుకునే మనిషిగానే చూస్తుంది. మన తరగతి గదుల్లో మాత్రం ఆ మెట్ల పేర్లు మిగిలాయి, పనులు జారిపోయాయి.

ఇక వివరాల్లోకి వస్తాం. అంకెలతోనే మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయం. జర్మన్‌లో 47ను ‘ఏడు, నలభై’ అన్న వరుసలో పలుకుతారు. తరగతిలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఫోన్‌లో ఎనిమిది అంకెలు రెండేసి చొప్పున గబగబా వచ్చేసరికి 47 కాస్తా 74 అయి కూర్చుంటుంది. ఫ్రెంచ్‌లో చిక్కు ఇంకో రకం. అక్కడి ఫోన్ నంబరు పది అంకెలు, ఐదు జంటలుగా చెబుతారు. 75ను ‘అరవై, పదిహేను’ అంటారు కాబట్టి చెవి దాన్ని రెండు జంటలుగా విడగొట్టి 60, 15 అని రాయిస్తుంది. కాగితం మీద ఆరో జంట వచ్చిందంటే ఎక్కడో 70ల్లోనో 90ల్లోనో తప్పు విన్నట్టే. ఈ ఆనవాలు పిల్లలకు ముందే చెప్పాలి.

చేయించే తీరు ఇది. ఇద్దరు విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, నిజంగానే ఫోన్ కలపాలి. ఎదురెదురుగా కూర్చోబెడితే పెదవులు చూసి ఊహిస్తారు, పని వృథా. ఒకరు బ్యాంకు ఖాతా ఐబాన్ నంబరు చెప్పాలి. జర్మనీలో అది 22 అక్షరాలు, అంకెలు కలిపి; ఫ్రాన్స్‌లో 27. రెండోవాళ్లు రాసుకుని, నాలుగేసి చొప్పున తిరిగి చదివి ఒప్పించుకోవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా పని జరగనట్టే లెక్క. వినబడకపోతే ‘ఒక్కొక్క అంకె విడిగా చెప్పండి’ అని ఆ భాషలో అడగడం కూడా పనిలో భాగమే. నిజానికి మేం నేర్పించాలనుకునేది ఆ అడగడమే. అడగడం నామోషీ అనుకుని తలూపే అలవాటు మన తరగతి గదుల్లో ఎంత బలంగా ఉందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. సమయం విషయంలోనూ ఇంతే. జర్మన్‌లో ‘హాల్ప్ ఆఖ్ట్’ అంటే ఏడున్నర. తొందరలో ఎనిమిదిన్నర అనుకుంటే గంట ఆలస్యంగా వెళ్లి అపాయింట్‌మెంట్ పోగొట్టుకుంటారు. విన్న వేళను 19.30 లాగా 24 గంటల పద్ధతిలో తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం అలవాటు చేయాలి.

తర్వాతది పేరు. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. మన ఇంటిపేరు ముందుంటుంది, టెన్త్ మెమోలో ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఐరోపా ఫారాల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం కుదరదు. విశ్వవిద్యాలయం ఒక పేరుతో, బీమా సంస్థ ఇంకో పేరుతో, బ్యాంకు మరో పేరుతో నమోదు చేసుకుంటే ఆ మూడూ ఒక్క మనిషివే అని నిరూపించడానికి నెల పడుతుంది. కాబట్టి మొదటి వారంలోనే విద్యార్థి తన పాస్‌పోర్టు, మెమోలు, డిగ్రీ కాగితాలు, జనన ధ్రువపత్రం పక్కపక్కన పెట్టుకుని పేరు ఏ కాగితంలో ఎలా ఉందో ఒక పట్టిక రాయాలి. తేడాలుంటే వీసా దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు జనన ధ్రువపత్రం మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడి సామాజిక భద్రత నమోదుకు తల్లిదండ్రుల పేర్లున్న జనన పత్రం, దాని అనువాదం అడుగుతారు. మన దగ్గర చాలామంది పాత ధ్రువపత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉండిపోయి ఉంటుంది. అది రాయించుకోవడానికి మున్సిపాలిటీ చుట్టూ తిరగాల్సింది ఇక్కడ ఉన్నప్పుడే. అక్కడికి వెళ్లాక ఇంట్లోవాళ్లను తిప్పడం కాదు.

పేరును అక్షరం అక్షరంగా చెప్పడం కూడా సాధన చేయించాలి. ఇంగ్లిష్ అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. ఫ్రెంచ్‌లో మన ‘జీ’, ‘జే’ తారుమారవుతాయి. ఇంగ్లిష్‌లో గోపాల్‌కు వచ్చే మొదటి అక్షరాన్ని వాళ్లు ఇంచుమించు ‘జే’ అంటారు, రాజులో వచ్చే అక్షరాన్ని ‘జి’ అంటారు. జర్మన్‌లో వెంకట్ మొదటి అక్షరం ‘ఫౌ’, రెండో అక్షరం ‘ఏ’. ఇంగ్లిష్ పద్ధతిలో ‘ఈ’ అంటే వాళ్లు ‘ఐ’ అక్షరం రాసుకుంటారు. జర్మన్లు ఫోన్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో పేరు చెబుతారు. పాత పట్టికలో ఆంటోన్, బెర్టా లాంటి మనుషుల పేర్లు ఉండేవి. 2022లో ఆఫీసుల కోసం ఊళ్ల పేర్లతో కొత్త పట్టిక వచ్చింది: ఆఖెన్, బెర్లిన్, కెమ్నిత్స్. మాట్లాడేవాళ్లు ఇప్పటికీ పాతదే ఎక్కువ వాడతారు. రెండూ విని గుర్తుపట్టగలగాలి, చెప్పేటప్పుడు ఏదో ఒకటి తడుముకోకుండా రావాలి. ఎవరి పేరు, ఎవరి ఇంటిపేరు వాళ్లు నలభై సెకన్లలో తప్పు లేకుండా చెప్పగలిగేదాకా వదలకూడదు.

ఇల్లు, చిరునామా, నమోదు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వీటిని విడివిడిగా నేర్పితే లాభం లేదు. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని ‘ఆన్‌మెల్డుంగ్’ అంటారు. దానికి పాస్‌పోర్టు, ఫారంతో పాటు ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. ఈ ఒక్క కాగితం లేకనే తిరిగి పంపించేస్తారు. పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వచ్చేది ఈ నమోదు అయ్యాకే. ఆ పోస్టు చేరాలంటే తలుపు దగ్గరి పెట్టె మీద మీ పేరుండాలి. అక్కడ ఫ్లాటు నంబరు ఉండదు, పోస్ట్‌మన్ పెట్టె మీది పేరు చూసి వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. స్నేహితుల గదిలో దిగిన మొదటి నెల్లో ముఖ్యమైన ఉత్తరాలు పోయేది ఇలాగే.

దీనికి తరగతిలో వరుసగా నాలుగు పనులు పెట్టవచ్చు. మొదట, నిజమైన అద్దె ప్రకటనలు పది ఇచ్చి, నెలకు చేతి నుంచి ఎంత పోతుందో లెక్క కట్టించాలి. ప్రకటనలో ముందు కనిపించేది ‘కాల్ట్‌మీటె’, అంటే ఉత్త అద్దె. వేడి, నీళ్లు, చెత్త ఖర్చు కలిపితే ‘వార్మ్‌మీటె’. కరెంటు, ఇంటర్నెట్ తరచూ రెండింట్లోనూ ఉండవు. అడ్వాన్సు ఎంత అడిగారో చూడాలి. చట్టం ప్రకారం అది మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదు. గది చూపించకముందే డబ్బు పంపమన్న ప్రకటన ఒకటి ఆ పదిలో కలపాలి, దాన్ని పట్టుకోని జట్టుకు ఆ రోజు మార్కుల్లేవు. రెండో పని, ఇంటివాళ్లకు ఎనిమిది వాక్యాల సందేశం: ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఖర్చుకు డబ్బు ఎక్కడిది, గది ఎప్పుడు చూడవచ్చు. మూడోది, నమోదు కార్యాలయంలో అపాయింట్‌మెంట్.

నాలుగోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని పైసా ఖర్చు లేకుండా ఏ ఊళ్లోనైనా చేయించవచ్చు. విద్యార్థి తన హాస్టల్ గదినే అద్దె గది అనుకుని అప్పగింత కాగితం రాయాలి. జర్మనీలోనూ ఫ్రాన్స్‌లోనూ గదిలో చేరేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ కలిసి గది తిరిగి చూసి, ఉన్న లోపాలన్నీ రాసి సంతకాలు చేస్తారు. ఫ్రాన్స్‌లో దాన్ని ‘ఎటా దె ల్యూ’ అంటారు. చేరిన రోజు రాయని గీత, ఖాళీ చేసే రోజు మీ ఖాతాలో పడి అడ్వాన్సులోంచి పోతుంది. కాబట్టి గోడ, నేల, కిటికీ, తలుపు గడియ, కుళాయి, స్విచ్చులు, పరుపు, బల్ల వరుసగా చూడాలి. ప్రతిదానికీ పదం, లోపం, లోపం ఎంత పెద్దది, ఫొటో. మీటరు రీడింగు, తాళం చెవుల సంఖ్య మరిచిపోకూడదు. తొలిసారి రాసినప్పుడు ‘గోడ బాగాలేదు’ అని రాస్తారు. ‘కిటికీకి ఎడమవైపు గోడ మీద, నేల నుంచి మీటరు ఎత్తులో, పది సెంటీమీటర్ల పగులు’ అని రాసేదాకా తిరిగి పంపాలి. భాషా విద్యార్థుల దగ్గర భావాల పదాలు బోలెడుంటాయి, పగులు, తుప్పు, చెమ్మ, బూజు లాంటి పదాలు ఉండవు. వాటి అవసరం ఒక్క గదిలోనే తెలిసిపోతుంది. చెమ్మ అంటే గుర్తొచ్చింది: చలికాలంలో రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాలు గాలి ఆడనివ్వాలని జర్మనీలో చాలా అద్దె ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. మన పిల్లలు చలికి జడిసి కిటికీలు మూసి వంట చేస్తారు. ఫిబ్రవరికల్లా మూలల్లో నల్ల బూజు, ఆ తర్వాత ఇంటివాళ్లతో తగాదా.

ఇప్పుడు ఉత్తరాలు. జర్మనీలో ఇప్పటికీ రాజ్యం పోస్టుదే. తరగతిలో పది అధికారిక ఉత్తరాలు బల్ల మీద పెట్టి, ఒక్కోదానికి 60 సెకన్లు ఇవ్వాలి. మూడే ప్రశ్నలు: ఎవరు పంపారు, ఏం కావాలంటున్నారు, ఎప్పటిలోగా? మొత్తం చదవనక్కర్లేదు. తేదీ ఉత్తరం పైన ఉంటుంది, గడువు మాత్రం మధ్యలో ఎక్కడో ‘ఈ ఉత్తరం అందిన రెండు వారాల్లో’ అని దాగి ఉంటుంది. అందిన రోజు కవరు మీద రాసుకోవడం అప్పుడే అలవాటు కావాలి. ఆ పదిలో ప్రసార రుసుము ఉత్తరం తప్పనిసరిగా ఉండాలి. జర్మనీలో ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల చొప్పున ప్రసార రుసుము కట్టాలి. నమోదు చేయించుకున్న కొద్ది వారాలకు ఆ ఉత్తరం వస్తుంది, ప్రకటన అనుకుని పారేస్తారు, తర్వాత తాఖీదులు, అపరాధ రుసుము. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక్కరు కడితే చాలు. మిగతా ముగ్గురు కట్టేవాళ్ల రుసుము ఖాతా సంఖ్య రాసి జవాబు పంపాలి. జవాబు పంపకపోతే అందరి పేరునా బిల్లు వస్తుంది. ఆ జవాబు రాయించడమే పని.

ఫోన్‌లోని అనువాద యాప్ ఉంది కదా అని విద్యార్థులు అంటారు. ఉత్తరాన్ని స్థూలంగా అర్థం చేసుకోవడానికి వాడుకోనివ్వండి, అభ్యంతరం లేదు. కానీ ఫోన్ సంభాషణలోనూ, వెనక పదిమంది నిలబడ్డ కౌంటర్ దగ్గరా, డాక్టరు ఎదుటా దానికి వ్యవధి ఉండదు. సంతకం పెట్టే కాగితాన్ని దాని మాట మీద నమ్మకూడదు. తరగతిలో పనులు మూడు విడతలుగా చేయిస్తే, మూడో విడతలో ఫోన్లు బయట పెట్టించాలి.

ఒప్పందాలు రద్దు చేసుకోవడం కూడా ఒక పనిగా పెట్టాలి. చేరడం ఎవరికైనా వస్తుంది, మానుకోవడంలోనే డబ్బు పోతుంది. జర్మనీలో మామూలు అద్దె ఒప్పందానికి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అది కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి, ఈమెయిల్ చెల్లదు. నెల మూడో పనిదినంలోపు అందకపోతే ఇంకో నెల అద్దె పడుతుంది. విద్యార్థి నివాసాలకు, గడువు తేదీ రాసుకున్న ఒప్పందాలకు నియమాలు వేరు కాబట్టి ఒప్పందంలోని ఆ పేరా వెతకడంతోనే పని మొదలవ్వాలి. దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో తిరగనిచ్చే నెలవారీ టికెట్ ‘డాయిచ్‌లాండ్ టికెట్’ కూడా చందాయే. ఆ నెలతో ఆపాలంటే 10వ తేదీలోగా రద్దు చేయాలి. ఫ్రాన్స్‌లో అద్దె గది ఖాళీ చేసే నోటీసు లాంటివి ఇప్పటికీ అందినట్టు రసీదు వచ్చే రిజిస్టర్డ్ ఉత్తరంతో పంపుతారు. రద్దు ఉత్తరం ఆరు వాక్యాలకు మించనక్కర్లేదు: ఖాతా సంఖ్య, ఏది రద్దు, ఎప్పటి నుంచి, ధ్రువీకరణ పంపమని కోరడం, తేదీ, సంతకం. కారణాలు, క్షమాపణలు అవసరం లేదు. మనవాళ్లు ఒక పేజీ కారణాలు రాస్తారు, ఖాతా సంఖ్య రాయరు.

ఆరోగ్యం విషయంలో ఎవరికి ఫోన్ చేయాలో తెలియడమే సగం. ప్రాణాపాయమైతే 112, ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా ఇదే. జర్మనీలో రాత్రిపూట జ్వరం, చెవిపోటు లాంటివైతే 116117. ఫ్రాన్స్‌లో వైద్య అత్యవసరానికి 15 కూడా ఉంది. ఈ సంఖ్యలు తారుమారు చేసి అడిగినా చెప్పగలగాలి. 112కు చేసే ఫోన్‌కు ఒక క్రమం ఉంది: ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, ఎలాంటి గాయాలు, ఆ తర్వాత వాళ్లు పెట్టేయమనేదాకా లైన్‌లో ఉండటం. ‘ఎక్కడ’ మొదట రావాలి, ఎందుకంటే లైన్ తెగినా బండి బయల్దేరుతుంది. మనవాళ్లు ఏం జరిగిందో కథ చెప్పి చివర్లో చిరునామా చెబుతారు. మందుల గురించి ఒక మాట: డోలో, క్రోసిన్ అంటే అక్కడి మందుల షాపులో తెలియదు, పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు అంటే తెలుస్తుంది. క్రమం తప్పకుండా మందు వాడేవాళ్లు దాని అసలు పేరు, మోతాదు, ఏ జబ్బుకు వాడుతున్నారో ఆ భాషలో ఒక చిన్న కార్డు మీద రాసుకోవాలి. అది కూడా మార్కులున్న పనే.

విశ్వవిద్యాలయం లోపలి సంగతులకు కనీసం మూడు వారాలు కేటాయించాలి. జర్మనీలో తరగతికి హాజరవడం వేరు, పరీక్షకు పేరు నమోదు చేసుకోవడం వేరు. ఆ నమోదుకు కొద్ది రోజుల గడువు ఉంటుంది. సెమిస్టరంతా చదివి ఆ గడువు దాటవేసి పరీక్ష రాయలేకపోయినవాళ్లకు ఇక్కడికొచ్చాక క్రెడిట్లు కలవవు. ఐరోపా క్రెడిట్ ఒక్కోటి 25 నుంచి 30 గంటల పని. సెమిస్టరుకు మామూలుగా 30 క్రెడిట్లు. పట్టికలో ఉత్సాహంగా తొమ్మిది కోర్సులు టిక్కు పెట్టినవాళ్లతో గంటలు కూడించి చూపిస్తే వాళ్లే తగ్గించుకుంటారు. ప్రొఫెసరుకు రాసే ఈమెయిల్‌లోనూ మన పద్ధతి పనికిరాదు. మనం గౌరవంగా నమస్కారం, స్వపరిచయం, ఊరు, కళాశాల చెప్పి చివర్లో విన్నపం పెడతాం. అక్కడ సంబోధన కచ్చితంగా ఉండాలి, రెండో వాక్యంలోనే విషయం రావాలి, మొత్తం ఐదు వాక్యాలు దాటకూడదు. ఆ తర్వాత పది నిమిషాల ముఖాముఖి: మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లి, మూడింటికీ జవాబులతో బయటికి రావాలి. సెమినార్ ప్రసంగం 20 నిమిషాలు, ఒక పేజీ నోట్సు. చదవకుండా మాట్లాడాలి, మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే ఆపి జవాబు చెప్పాలి. వింటున్నవాళ్లలో ఇద్దరికి అడ్డు ప్రశ్నలు వేసే బాధ్యత ముందే అప్పగించాలి.

ఈ అడ్డు అన్నదే అసలు కీలకం. మన భాషా తరగతుల్లో సంభాషణ అభ్యాసాలు లేవని కాదు. ఉన్నవాటిలో దుకాణదారు వేషం వేసిన స్నేహితుడు ఏది అడిగినా ‘తప్పకుండా’ అంటాడు. ఆఫీసులో అలా ఎవరూ అనరు. కాబట్టి ప్రతి పనికీ నాలుగైదు ఆటంకాల చీటీలు తయారుచేసి, అవతలి పాత్ర చేతిలో ఒకటి రహస్యంగా పెట్టాలి: ఆరు వారాల తర్వాతే అపాయింట్‌మెంట్ ఉంది, ఒక కాగితం తక్కువైంది, మీ పేరు మా జాబితాలో లేదు, లైన్ ఇంకొకరికి కలుపుతాను, మొత్తం మళ్లీ చెప్పండి. ఇంకో చీటీ భాషా విద్యార్థులకే ప్రత్యేకం: అవతలి మనిషి ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. సాయం చేద్దామనే మారతాడు, కానీ ఏడాది పొడవునా అలా మారనిస్తే వెళ్లిన పని జరగదు. మర్యాద చెడకుండా మళ్లీ జర్మన్‌లోకి తిప్పుకోవడం సాధనతోనే వస్తుంది. ఒకే ఫోన్ సంభాషణను ముగ్గురు వేర్వేరు వ్యక్తులతో చేయించాలి, మొదటిసారి నాలుగు నిమిషాలు, తర్వాత మూడు, తర్వాత రెండు. మూడోసారికి మాట దానంతటదే పదునెక్కుతుంది.

ఉపాధ్యాయుల వైపు నుంచి జరిగే పొరపాట్లు కూడా చెప్పాలి. సంభాషణ మధ్యలో విభక్తి తప్పిందని ఆపితే పని చెడుతుంది. రాసుకుని చివర్లో చెప్పాలి. పాఠ్యపుస్తకంలోని నమూనా ఫారాలు వాడొద్దు, అవి చక్కగా, చిన్నగా ఉంటాయి. నగర పాలక సంస్థల వెబ్‌సైట్లలో అసలు ఫారాలు ఉచితంగా దొరుకుతాయి. రైల్వే స్టేషన్ ప్రకటనలు కూడా అసలైనవే వినిపించాలి, రొదతో సహా. ప్లాట్‌ఫారం మారింది, రైలు దారిలో రెండుగా విడిపోతుంది, వెనక భాగం వేరే ఊరు వెళ్తుంది అన్న ప్రకటన వినిపించి ‘నువ్వు ఏ పెట్టె ఎక్కాలి?’ అని అడగాలి. అయితే అభ్యాసం పేరుతో విదేశీ కార్యాలయాలకు, ముఖ్యంగా అత్యవసర నంబర్లకు నిజంగా ఫోన్ చేయించడం తప్పు. నిజమైన అవసరం ఉన్నప్పుడు ఆ విద్యార్థి చేరబోయే విశ్వవిద్యాలయ అంతర్జాతీయ విభాగానికి ఒక ఈమెయిల్, ఒక ఫోన్ చాలు.

అవతలి గొంతుక కోసం మనుషులు దొరకరన్న మాట హైదరాబాద్‌లో చెల్లదు. జర్మన్ నేర్పే గోథే సెంట్రుం, ఫ్రెంచ్ నేర్పే అలయాన్స్ ఫ్రాంసేజ్ ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి విదేశీ విద్యార్థులు సెమిస్టర్ చదువుకు వస్తుంటారు. వాళ్లకు ఇక్కడ గది అద్దె, ఆటో బేరం, ఆసుపత్రి ఓపీ చీటీ లాంటి పనులుంటాయి. మన విద్యార్థి వాళ్లకు తెలుగులో ఆ పని చేయడం నేర్పితే, వాళ్లలో ఆ భాష వచ్చినవాళ్లు మన విద్యార్థికి గుమాస్తా పాత్ర వేసి నేర్పుతారు. విశాఖ, తిరుపతి, వరంగల్ లాంటి చోట్ల వీడియో కాల్‌తో గడపవచ్చు. ఇప్పటికే అక్కడ చదువుతున్న పాత విద్యార్థులు వారానికి అరగంట ఇస్తే చాలు.

వేళ గురించి. జర్మనీలో చాలా విశ్వవిద్యాలయాల్లో శీతకాల సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది, పాఠాలు ఆ నెల మధ్య నుంచి. అంటే ఇక్కడ జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసే సెమిస్టరే ఈ పేపర్‌కు తగినది. వెళ్లే ముందు వారం పెట్టే రెండు రోజుల అవగాహన సదస్సు దీనికి బదులు కాదు. ఆ వారంలో పిల్లల మనసంతా సూట్‌కేసు బరువు మీద ఉంటుంది. మే నుంచి ఆగస్టు వరకు ఖాళీ వస్తే నాలుక మొద్దుబారుతుంది కాబట్టి వారానికి 20 నిమిషాల ఫోన్ పని ఒకటి కొనసాగించాలి.

పేపర్‌కు కావలసిన సామగ్రి ఏటా వెళ్లొచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. తిరిగి వచ్చిన ప్రతి విద్యార్థీ తనకు అందిన ఉత్తరాలు, నింపిన ఫారాలు, రద్దు లేఖలు, అప్పగింత కాగితాల నకళ్లు విభాగానికి ఇవ్వాలన్న నియమం పెట్టాలి. ఇచ్చే ముందు పేరు, చిరునామా, పుట్టినతేదీ, ఖాతా సంఖ్యలు నల్ల ఇంకుతో కొట్టేయాలి. క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ కూడా, వాటిలోనూ వివరాలుంటాయి. కొట్టేసిన కాగితాన్ని ఫొటోకాపీ తీసి ఆ కాపీనే దాచాలి, అసలు కాగితం మీద ఇంకు కింద అక్షరాలు వెలుతురులో కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఊరు, నెల, చివరికి ఆ పని జరిగిందా లేదా, జరగకపోతే ఎందుకన్నది రెండు వాక్యాల్లో రాసి పెట్టాలి. రుసుములు, గడువులు మారుతుంటాయి కాబట్టి మూడేళ్లు దాటినవి తీసేయాలి. ఇఫ్లూ, ఉస్మానియాతో పాటు విదేశీ భాషలు చెప్పే ప్రతి విభాగమూ వచ్చే పాఠ్య ప్రణాళికా సంఘం సమావేశంలో ఈ పేపర్‌ను ఎజెండాలో చేర్చాలని మా విన్నపం.

ఇట్లు,
జర్మన్, ఫ్రెంచ్ ఉపాధ్యాయులం కొందరం,
హైదరాబాద్